కొంగతో పిల్ల చెప్పిన మాట

"తాతా, కొంచెం గమ్మునుండు. ఇది మూకీ సినిమా."

షాలిని మెల్లగానే చెప్పింది. రెండోసారి చెప్పాల్సి వచ్చినందుకు లోపల మాత్రం విసుగ్గానే ఉంది.

నంద్యాలలో చర్చి హాలు. మధ్యాహ్నమే కర్టెన్లు వేసేశారు. తెర మీద ఏ కాలంనాటివో నీళ్లు తెల్లగా కదులుతున్నాయి. మడుగు ఒడ్డున ఒక పిల్ల, ఎదురుగా ఒక కొంగ. పిల్ల పెదాలు కదులుతున్నాయి, మాట లేదు.

ఏదో పాతకాలపు కథ. మధ్యమధ్య మాటలు రాసి చూపే ముక్కలుండేవి, అవి ఎప్పుడో పాడైపోయాయి. పిల్ల కొంగతో ఏదో చెబుతుంది, నవ్వుతుంది, నీళ్లలోకి నడిచి వెళ్లిపోతుంది. అంతే.

ఏం చెప్పింది? ఆ ఒక్క మాట కోసం కాలేజీలో పాఠాలు చెప్పే షాలిని రెండేళ్లుగా బనగానపల్లె, పాణ్యం అంటూ కాళ్లరిగేలా తిరిగింది. అదేం పిచ్చో, కలలో కూడా ఆ పిల్లే.

పిల్ల మళ్లీ నోరు తెరిచింది. వెనక వరుసలో ముసలాయన మళ్లీ సన్నగా ఏదో అన్నాడు.

"తాతా, అందరూ చూస్తాండారు. మాట్లాడేదుంటే బయటికి పో."

"తప్పయిందిమ్మా. అలవాటు," అన్నాడాయన.

తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బొమ్మ అయ్యేదాకా తీయలేదు.

లైట్లు వేశాక షాలిని అడిగింది. "ఈ కథ తెలిసినోళ్లు ఎవరన్నా ఉండారా?"

ఒకరిద్దరు తల అడ్డంగా ఊపారు. ముసలాయన కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆళ్లగడ్డ బస్సుకు టైమయిందని పాయె," అన్నారెవరో.

నెల తర్వాత ఒక కబురు తెలిసింది. ఆళ్లగడ్డ కొండయ్య అనే ఆయన వెనకటికి ఊరూరా డేరా వేసి ఆ బొమ్మే ఆడించేవాడట. షాలిని ఉన్నపళంగా బస్సెక్కింది.

ఆ ఇంటి కోడలు రంగమ్మ గోడ మీది ఫోటో చూపించింది. దండ ఇంకా వాడలేదు. భుజాన అదే తువ్వాలు.

షాలిని ఫోటో దగ్గరికి జరిగింది.

"కొండయ్య కొడుకు, మా మామ ఓబులేసు. మొన్న బేస్తవారం పోయినాడు. నంద్యాల్లో ఆ బొమ్మ ఏస్తాండారని ఎంత సంబరంగా పోయినాడో. వచ్చినాక దాని ఊసే ఎత్తలా."

"డేరాలో ఈయన ఏం చేసేటోడమ్మా?"

"వాళ్ల నాయన తెర పక్కన నిలబడి కథ చెప్పేటోడంట. ఈయనది చిన్న వయసు, సన్న గొంతు. కొంగతో మాట్లాడే ఆ పిల్ల మాటలన్నీ మా మామే పలికేటోడు."