సంజీవమ్మ తెచ్చిన సంబంధం

"మంచాలు ఎడంగా జరుపు. అక్క బస్సు దిగినాదంట," అన్నాడు పెంచల్, ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

రాజబాబు కదల్లేదు. "పోయిన వారం ఆ ఫ్రెంచి సినిమా చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వావు కదా. వాళ్లూ ఇలాగే సర్దారు. ఏమైంది? మొత్తం బయటపడిపోయింది."

అది ఇద్దరు మగవాళ్ల కాపురం సినిమా. చుట్టాలొస్తున్నారని ఒకడు రెండోవాణ్ణి అద్దెకున్నవాడని చెప్తాడు. ఈ అరబ్బు దేశంలో, ఖైతాన్‌లోని ఈ గదిలో ఉన్నదీ అదే కాపురం. కాకపోతే అక్కడ నవ్వులతో పోయింది, ఇక్కడైతే జైలుదాకా పోతుంది. అక్కకు తెలిస్తే జైలు సంగతి తర్వాత, పెంచల్‌కు ఉన్న ఒక్క దిక్కూ పోతుంది.

"వాళ్లకు చేతగాలా. నేను జేస్తా సూడు," అన్నాడు పెంచల్. ఏసీలు రిపేరు చేస్తాడు గదా, ఏది ఎక్కడ విప్పాలో, ఎక్కడ బిగించాలో తన తర్వాతేనని వాడి ధీమా. గోడ మీది ఇద్దరి ఫొటో పెట్టెలోకి పోయింది. మంచాల మధ్యకు బియ్యం బస్తా వచ్చింది.

అక్క సంజీవమ్మ వచ్చింది. ఫహాహీల్‌లో ఒక ఇంట్లో పని. శుక్రవారం సెలవు.

"కూర్చోండక్కా, టీ తెస్తాను," అన్నాడు రాజబాబు.

ఆవిడ గదంతా ఒకసారి చూసి, సంచిలోంచి ఒక అమ్మాయి ఫొటో తీసింది. "గంగాదేవి. రాయచోటి పిల్ల. ఈడే పన్జేస్తాంది. నువ్వు ఊ అంటే మాటిచ్చేస్తా."

"నువ్వెట్ట జెప్తే అట్లేక్కా," అన్నాడు పెంచల్, తడుముకోకుండా. ఇప్పటికి ఊ అని, తర్వాత జాతకం కుదర్లేదంటే సరిపోతుందని వాడి ఎత్తు. మహానుభావుడు ఆ సంగతి రాజబాబుకు మాత్రం చెప్పలేదు.

సంజీవమ్మ రాజబాబు వైపు తిరిగింది. "ఒకే గదిలో ఉండేటోడివి, నువ్వు జెప్పు నాయనా. మావోడి మంచీ చెడ్డా ఏంది? ఆడపిల్ల గొంతు కోయగూడదు గదా."

"మంచోడే అక్కా," అన్నాడు రాజబాబు. అంతటితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "బీపీ మాత్ర కసిరితేగానీ వేసుకోడండీ. పులుసులో చేపముక్కలన్నీ నాకే వేసేసి, తను తిన్నానని అబద్ధమాడతాడు. ఎండలో మిద్దెలెక్కి పనిచేసొచ్చిన రోజు కాళ్లు పట్టకపోతే నిద్రపోడు. నాకు జొరమొస్తే పని మానేసి పక్కనే కూర్చున్నాడండీ. ఆ పిల్లకు ఇవన్నీ చెప్పండక్కా. నేను వేరే గది చూసుకుంటాను."

కళ్లు తుడుచుకుంటూ గోడవైపు తిరిగాడు.

పెంచల్ ధీమా అంతా నీరుగారిపోయింది. "ఉల్లిపాయలు కోసినాడులేక్కా, అందుకే కండ్లు..." అని గొణిగాడు.

"యాడుండాయిరా ఉల్లిపాయలు?" అంది సంజీవమ్మ.

ఆవిడ ఫొటో తీసి సంచిలో పెట్టుకుంది. టీ తాగకుండానే లేచింది. తమ్ముడి మొహం చూడలేదు. ఉన్న ఒక్క అక్కా పోయిందనుకుని పెంచల్ బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

వాకిట్లో చెప్పులేసుకుని ఆవిడ రాజబాబుకేసి తిరిగింది. "ఇంకొక్కసారి నన్ను అక్కా అన్నావంటే బాగుండదు."

"తప్పయిపోయిందండీ," అన్నాడు రాజబాబు తల దించుకుని.

"మా తమ్మునితో కాపరం జేసేవాళ్లు నన్ను వదినా అనాల."