మెకానిక్ లేడా?

"మెకానిక్ లేడా అమ్మా?"

రోహిణికి ఒళ్లు మండింది. ఈ మాట విని విని ఆమెకు చెవులు చిల్లులు పడుతున్నాయి.

"నేనే మెకానిక్. ఏమైంది?"

మూసాపేట మెట్రో స్టేషన్ పక్క సందులో, ఒక చిన్న మడిగెలో ఆమె దుకాణం. హైటెక్ సిటీ కంపెనీలు పాతబడ్డాయని అమ్మేసిన కంప్యూటర్లు చుట్టుపక్కల బస్తీల్లో చాలా ఇళ్లకు చేరతాయి. అవి మొరాయిస్తే బాగుచేయడం ఆమె పని. పని బాగా వచ్చు. గిరాకీయే లేదు.

లోపలికి వచ్చినవాళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఆడపిల్లను చూస్తారు. మొగవాడి కోసం దుకాణమంతా వెతుకుతారు. "మళ్లొస్తం" అని పోతారు. ఒక్కరూ మళ్లీ రారు.

మడిగె అన్న మధుకర్‌ది. "నెలాఖరు దాక చూస్త. గిరాకీ పెరగకుంటే ఇక్కడ ఫోన్ కవర్లు పెట్టుకుంట," అని తెగేసి చెప్పాడు.

ఇప్పుడు మెకానిక్ కోసం అడిగిన ఈ పెద్దాయన మాత్రం పోలేదు. మోసుకొచ్చిన సీపీయూ డబ్బాను బల్ల మీద పెట్టాడు. సంచిలోంచి కెమెరా, స్పీకర్లు తీశాడు. పేరు పెంటయ్య అన్నాడు.

"గీ రెండు కొత్తగ తగిలిచ్చిన బిడ్డా. గప్పటి సంది చాలూ అయితలేదు. ఫ్యాన్ తిరుగుతది, తెర మీద ఏం రాదు."

"పెట్టిపో కాకా. సాయంత్రం రా."

"ఊహూ. నా ముందట్నే తెరువు."

రోహిణి పళ్లు కొరుక్కుంటూ డబ్బా తెరిచింది. పెంటయ్య బల్ల మీదకు వంగాడు.

"వైర్లన్ని ఎందుకు పీకుతున్నవ్?"

"తగిలిచ్చినయన్ని తీసేసి, ఒట్టి కంప్యూటర్ నడుస్తదా లేదా ముందుగాల చూడాలె."

నడవలేదు. రోహిణి లోపలి ర్యామ్ ముక్కను బయటికి లాగింది. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు తీసుకుని దాని అంచును రుద్దసాగింది.

"రబ్బరెందుకు?"

"మైల పట్టింది."

"గింత మైలకే ఆగిపోతదా?"

"ఆగిపోతది."

"నీకెవరు చెప్పిండ్రు?"

రోహిణి ముక్కను దాని చోట నొక్కిపెట్టి స్విచ్ వేసింది. తెర వెలిగింది. స్పీకర్లు తగిలించి, మళ్లీ ఆపి, ఆన్ చేసింది. బాగానే నడిచింది. కెమెరా తగిలించి మళ్లీ ఆన్ చేస్తే ఆగిపోయింది. కెమెరా పీకేస్తే మళ్లీ నడిచింది.

"నీ కెమెరా గూడ ఖరాబుంది. అది తగిలియ్యకు."

ఇంకొకరైతే సంతోషపడేవారు. పెంటయ్య డబ్బాలోకి తొంగిచూశాడు.

"నువ్వు తీసిన ముక్క, మళ్ల పెట్టిన ముక్క ఒక్కటేనా? మార్చలేదు గద?"

రోహిణి చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద ఠంగున పడింది.

"నీ కండ్ల ముందట్నే గద చేసిన! మొగోడు చేస్తే గిట్లనే అడుగుదువా?"

"మొగోళ్లనూ అడిగిన. మంచి ముక్క తీసుకొని పాడైంది పెట్టేటోళ్లు ఉంటరు బిడ్డా, గందుకే..."

"అంటే నేను దొంగనా? తీస్కపో నీ డబ్బా! నీ పైసలొద్దు, నీ గిరాకీ వద్దు. మళ్ల నా గడప తొక్కకు!"

మూత బిగించి డబ్బా ఆయన చేతుల్లో పెట్టింది. కెమెరా, స్పీకర్లు సంచిలో కుక్కి ఆయన భుజానికి తగిలించింది. పక్కనున్న చాయ్ దుకాణంలో వాళ్లు తొంగిచూశారు. ఎవరు చూస్తే ఆమెకేం?

పెంటయ్య ఆమె ముఖంలోకి ఓ క్షణం చూశాడు.

"మంచిది బిడ్డా," అని వెళ్లిపోయాడు.

ఆ మాటకు ఇంకా మండింది. ఏం మనిషి! తిడితే సిగ్గు కూడా లేదు!

వచ్చిన ఒక్క గిరాకీనీ చేజేతులా తరిమేసుకున్నానని కాసేపటికి తెలిసొచ్చింది. కోపం ఏడుపులోకి దిగింది. అయినా, దొంగవా అంటే పళ్లికిలించడం ఆమెకు చేతకాదు.

నెలాఖరు వచ్చింది. మధుకర్ అన్నంత పనీ చేశాడు.

"గిరాకీతోని కొట్లాడితే దుకాణం నడుస్తదా?" అన్నాడు.

"నడవకపోతే పాయె. దొంగ అంటే పడాల్నా?"

"ఆ పౌరుషాన్నే అమ్ముకో పో."

గోడల నిండా రంగురంగుల ఫోన్ కవర్లు వేలాడాయి. రోహిణి తన సామాను ఆటోలోకి ఎక్కిస్తోంది. కళ్లలో నీళ్లున్నాయి, అవి కూడా కోపానివే. సోమవారం నుంచి కూకట్‌పల్లిలో ఎవరి దుకాణంలోనో చార్జర్లు అమ్మాలి.

అప్పుడు సందులోకి నలుగురైదుగురు మనుషులు వచ్చారు. అందరి చేతుల్లో పాత సీపీయూ డబ్బాలే. ముందున్నామె ఆయాసపడుతూ ఆగింది.

"కంప్యూటర్లు బాగుచేసే పిల్లవు నువ్వేనా? నేను సీతాబాయిని. బోరబండ నుంచి వచ్చినం. పెంటయ్య పంపిండు."

"కొట్లాటకు పంపిండా?" అంది రోహిణి దురుసుగా.

"కొట్లాటెందుకు? గివన్ని నీతోనే చేపిచ్చుకోమన్నడు. ఇంక శానా మంది వస్తరు."

రోహిణి వెనక్కి తిరిగి ఫోన్ కవర్లను చూసింది.

"దుకాణం ఇయ్యాల్నే పోయిందమ్మా. అయినా గాయన్ను తిట్టి ఎల్లగొట్టిన. నా దగ్గరికెందుకు పంపిండు?"

"తిట్టినవనే పంపిండు," అంది సీతాబాయి, డబ్బాను మెల్లగా కింద పెడుతూ. "ఇన్నేండ్లు మా బస్తీల కంప్యూటర్లన్ని బాగుచేసింది పెంటయ్యనే బిడ్డా. చేతులు వణుకుతున్నయని పని బంద్ చేసి, మమ్ముల ఎవరికి అప్పజెప్పాల్నో చూద్దామని తన డబ్బా తనే ఖరాబు చేసుకొని దుకాణాలన్ని తిరిగిండు, ముక్క మార్చినవా అంటే అందరు నవ్వి మాట దాటేసిండ్రట, దొంగ అన్నట్టు మండిపడ్డది నువ్వొక్కదానివేనట."