తొమ్మిదో ఎర

ఆదివారం సాయంత్రం, దూరదర్శన్‌లో సినిమా మొదలయ్యే వేళకు మావారు దుర్గం చెరువు నుంచి తడిసిన లాల్చీతో వచ్చారు. "చేప పడింది శారదా," అన్నారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

మాది చేప వండే ఇల్లు కాదు. ఆయన ఫిల్మ్ నగర్‌లో సినిమావాళ్లకు విగ్గులు కడతారు. మిగిలిన వెంట్రుకల్ని, డాన్సు డ్రెస్సుల నుంచి రాలిన ఈకల్ని సీసపు గుండున్న గాలాలకు దారంతో చుట్టి, చేపలు పట్టే సరదా కోసం ఉత్తుత్తి ఎరలు చేస్తారు. గుండ్లకు నెయిల్ పాలిష్ పూసి కళ్లు దిద్దడం నా వంతు.

దిద్దాక, మా వల్ల ఏ ప్రాణీ పోకూడదని, ఆయన చూడకుండా ప్రతి గాలం మొనా ఆకురాయితో అరగదీస్తాను. మూడేళ్లుగా ఒక్క చేపా పడలేదు. పాపం, ఆయన రంగు కుదరలేదేమో అంటారు. నేను రంగు మారుస్తాను.

ఈ వారం ఎనిమిది అరగదీశాను. తొమ్మిదోది చేతిలోకి తీసుకునేసరికి పాలు పొంగిపోయాయి.

"చేప ఏదండీ?" అన్నాను, ఆయన సంచి వైపు చూడకుండా.

"ఇంకెక్కడి చేప. అది గిలగిల్లాడుతుంటే చూడలేకపోయాను. నడుంలోతు నీళ్లలో దిగి, గాలం ఊడదీసి, వదిలేసి వచ్చాను."

జేబులోంచి తొమ్మిదో ఎర తీసి వంటగట్టుమీద పెట్టారు. తర్వాత పోపులడబ్బా వెనక చెయ్యిపెట్టి, నేను దాచిన ఆకురాయి తీసి దాని పక్కన పెట్టారు.

"ఈసారి పాలు దించాక మొదలుపెట్టు," అన్నారు.