నారుమడిలో నీళ్లు

ఆ ఉదయం ఆకాశం తెల్లగా ఎండిపోయి ఉంది. మెదడువాపుతో కాళ్లు పడిపోయిన మా కూతురు పైడమ్మకి ఆసుపత్రివాళ్లు పెరట్లో పెట్టించిన, నడక నేర్పే నీళ్ల తొట్టీ ఖాళీగా ఉంది. ఇప్పుడు ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ నీళ్లుంటాయి. కాలు ఎక్కడ తూలుతుందో నెలల తరబడి నేర్చుకుని, అక్కడే పట్టి నిలబెడతాయి.

తెల్లారకముందే మా తమ్ముడు సూరన్న, గట్టు తెంపినట్టు తొట్టి అడుగు బిరడా పీకి, నీళ్లను తన నారుమడికి పెట్టుకున్నాడు.

"కాలవ ఎండిపోనాది. వంతు నాది. నీళ్లు నీళ్లే గదా!" అన్నాడు.

"దాని కాళ్లు తీసుకెళ్లి మడిలో పోసినావురా," అన్నాను.

నా భార్య తవిటమ్మ పిల్లను ఎత్తుకెళ్లి నారుమడిలో దించింది. బురద నీళ్లు దాని మోకాళ్ల చుట్టూ చేరి పట్టుకున్నాయి. పైడమ్మ నిలబడింది. నారు మీద ఒక అడుగు వేసింది.

"నారు తొక్కేస్తంది, తియ్యొదినా!" అని సూరన్న అరిచాడు.

"తియ్యను. ఆ నీళ్లు ఇంకిపోయేదాకా రోజూ తొక్కుతాది. కూకొని సూడు."

మా ఇంట్లో పొయ్యి ఒక్కటే. మధ్యాహ్నం నలుగురం ఒకే వరసలో కూర్చుని అన్నం తిన్నాం. పైడమ్మ కాలివేళ్ల మధ్య ఇరుక్కున్న నారుపోచనే చూస్తూ సూరన్న ముద్ద మింగాడు.