చెక్కతెర వెనక

పాట మధ్యలో ఆర్గన్ మూగబోయింది.

"గాలి!" అని అరిచిందామె.

చెక్కతెర అవతల ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ ప్రార్థనా మందిరంలో ఉన్నది పాతకాలపు ఆర్గన్. ఇవతల ఒకరు వాయిస్తుంటే, తెర వెనక ఇంకొకరు కర్రపిడి పట్టుకుని గాలి ఎక్కించే తిత్తి ఆడించాలి. వాయించేవాళ్లు తాడు లాగితే అవతల చెక్కబిళ్ల ఊగుతుంది. ఒకసారి ఊగితే గాలి కావాలని, మళ్లీ ఊగితే చాలని.

తాళాలాయన పరుగున వచ్చాడు. మందిరం తెరిచేదీ మూసేదీ ఆయనే.

"నీ మోకాలు తాడుకి తగిలిందమ్మా. మళ్లీ లాగు, ఇస్తాడు. అరిస్తే ఇవ్వడు."

గాలి కొట్టే మనిషికి ఇంత బెట్టా అని ఆమెకి ఒళ్లు మండింది. తను వాయించడానికి చేరి ఆరు నెలలైనా ఆ ముసలాయన ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె రాకముందే తెర వెనక చేరేవాడు, అందరూ వెళ్లాక బయటికొచ్చేవాడు. ఒకసారి మెట్ల దగ్గర పలకరిస్తే నవ్వి, తలూపి వెళ్లిపోయాడు. పొగరనుకుంది.

నిజానికి ఆ రోజుల్లో ఆమెకి అందరి మీదా కోపమే. దేవుడి మీద మరీనూ.

జబ్బుపడ్డ చెల్లెలి కోసం నలభై రోజులు మోకాళ్ల మీద ఉంది. చెల్లెలు దక్కలేదు. ఇప్పుడు ప్రార్థనకి కూర్చుంటే నోట్లో ఇసుక పోసుకున్నట్టుండేది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఇంకెన్నాళ్లు అనుకునేది.

ఇంకా రావడానికి ఒకటే కారణం. స్టాండు మీద ఎవరో చేత్తో రాసిపెట్టిన పాటల పుస్తకం. పేరు లేదు. అందులో చివరి పాటంటే ఆమెకి ప్రాణం.

ఒక మధ్యాహ్నం సాధన చేస్తూ ఆ పాట సగంలో ఆగిపోయింది. వేళ్లు ఆడలేదు.

"తాతగారూ, ఈ పాట కట్టినాయన అదృష్టవంతుడు. దేవుడు చెవిలో చెబితే రాసుకున్నట్టుంది. నాకు మాత్రం ఏమీ వినిపించట్లేదు. వచ్చే వారం మానేస్తున్నాను."

తెర వెనక తిత్తి కిర్రుమంటూ ఆడుతూనే ఉంది.

"వింటున్నారా?"

జవాబు లేదు. చెప్పుకోవడానికి మంచి మనిషే దొరికాడనుకుని లేచి వెళ్లిపోయింది. తాడు సంగతి గుర్తే లేదు.

వారం తర్వాత రాజీనామా ఉత్తరంతో వచ్చేసరికి తెర తలుపు తీసి ఉంది. లోపల తాళాలాయన ఒక్కడే ఉన్నాడు. ముసలాయన మొన్న నిద్రలోనే పోయాడని చెప్పాడు.

ఆమె మొదటిసారి తెర వెనక్కి వెళ్లింది. పిడి అరిగి సన్నబడింది. పక్కనున్న ఆర్గన్ చెక్క గొట్టం మీద నల్లగా, నున్నగా ఒక అరచేతి ముద్ర.

"ఇదేంటి బాబాయ్?"

"ఎప్పుడూ ఒక చెయ్యి అక్కడ ఆనించేవాడమ్మా. నువ్వు వాయిస్తే చెక్క అదురుతుందిగా, ఆయనకి అందేది అంతే. రెండు చెవులూ పోయి పదకొండేళ్లయింది."

ముందే ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది.

"చెప్పొద్దన్నాడు. తెలిస్తే జాలిపడి, చెక్క బాగా అదరాలని గట్టిగా వాయిస్తారట. పోయినవారం నువ్వు తాడు లాగకుండా వెళ్లావు చూడు, పొద్దుగూకేదాకా ఆడిస్తూనే ఉన్నాడు. నేనే భుజం తట్టి ఆపాను. 'చెక్క అదరట్లేదని తెలుసు, ఆపమని మాత్రం కబురు రాలేదుగా' అని నవ్వాడు."

అంత నిశ్శబ్దంలో ఒక మనిషి పదకొండేళ్లు నిలబడ్డాడు. తను ఏడాదైనా తిరక్కుండానే ఉత్తరం రాసుకొచ్చింది.

ఆ ముద్రలో తన చెయ్యి ఆనించింది. చాలాసేపు తీయలేదు. తర్వాత ఉత్తరాన్ని సంచిలోకి తోసేసింది.

"చెవులు లేనాయన ఈ పనికే ఎందుకొచ్చాడు బాబాయ్?"

తాళాలాయన ఇవతలికొచ్చి, స్టాండు మీది పుస్తకాన్ని కండువాతో తుడిచాడు.

"కొత్తగా రావడమేంటమ్మా, అంతకుముందు నువ్వు కూర్చునే పీట ఆయనదే. ఈ పాటలన్నీ ఆయన కట్టినవే. నీకిష్టమైన ఆ చివరిది మాత్రం చెవులు పోయాక కట్టాడు."