కరిచిందెవరు?

"కొరుకు!" అన్నాడు మేనేజరు.

ఆ పిల్ల కొరకలేదు. పెదవి చీలి ఉంది. ముందుపన్ను సగానికి విరిగి ఉంది. పళ్ల అచ్చు తీయడానికి డాక్టరమ్మ చాపిన మైనం పలక అలాగే గాల్లో ఉండిపోయింది.

"కొరుకుతావా, నన్ను నోరు తెరిపించమంటావా?" మేనేజరు బల్ల మీదున్న పళ్లు పీకే పట్కారు అందుకున్నాడు.

మిల్లు కార్మికుల కుటుంబాలకు కంపెనీ ఆర్నెల్లకోసారి ఉచితంగా పళ్ల పరీక్ష చేయిస్తుంది. ఈసారి పరీక్షకు ఇంకా రెండు నెలల గడువుంది. కానీ నిన్న గేటు దగ్గర తలలు పగిలాయి, ఇవాళ పొద్దున్నే వీధిలోకి బల్లా కుర్చీ వచ్చేశాయి. కంపెనీకి ఉన్నట్టుండి జనం పళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చిందంటే ఎందుకో చంటిపిల్లకైనా అర్థమవుతుంది. కార్డు మీద పరీక్ష ముద్ర లేనివాళ్లను గేటు దాటనివ్వరట. అందుకే ఇంటిల్లిపాదీ వరసలో నిలబడ్డారు.

మేనేజరు వెనక దుంగ ఉన్నాడు. జనం పెట్టిన పేరది. మనుషుల్ని కొట్టడానికే కంపెనీ పెట్టుకున్న వస్తాదు. మరుగుదొడ్డికి వేసిన తాళం తీయమన్న పాపానికి నిన్న ఆడవాళ్లను జుట్టు పట్టి ఈడ్చింది వీడే. ఆ దుమ్ములో, ఆ తొక్కిసలాటలో ఎవరో వెనకనుంచి వాడి ముంజేతిని కరిచి పట్టుకున్నారు. నెత్తురు కారేదాకా వదల్లేదు.

"ఎవరి పళ్లు ఆ గాటుకు సరిపోతాయో వాళ్లకి మత్తుసూది ఉండదు. అందరి ముందూ ఒక్కొక్కటే పీకిస్తా," అని మేనేజరు ముందే చెప్పాడు. "కంపెనీ బాగుచేయించిన పళ్లతో కంపెనీ మనిషినే కరుస్తార్రా?"

గుమ్మంలో ఆ పిల్ల అత్తగారు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఆమెను వీధంతా అవ్వ అనే పిలుస్తుంది. బుగ్గలు లోపలికి పోయిన ముసలిది. పరీక్ష అయినవాళ్లు గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించాలని డాక్టరమ్మ పెట్టిన నియమం. ఉప్పు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కరికీ తనే చిటికెడు వేస్తోంది.

"అంత చెయ్యి చాపుతావేంట్రా? పుక్కిలించడానికా, ఊరగాయ పెట్టడానికా?"

డాక్టరమ్మ దుంగ చేతి కట్టు విప్పింది. పైన ఒక వంపు, కింద ఒక వంపు. ఒక్క పన్ను గాటూ తప్పలేదు, ఒక్కటీ వంకర లేదు. ఆమె చాలాసేపు చూసింది. ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"చూశావుగా?" అన్నాడు మేనేజరు. "ముత్యాల వరస! ఈ వీధిలో అంత చక్కటి పళ్లు దీనివే. రెండుపూటలా తోముతుందని పోయినసారి మెచ్చుకున్నది నువ్వేగా?"

వరసలో ఒకడు గొణిగాడు. "తోమకపోతే పోయేది."

డాక్టరమ్మ దుంగ వైపు తిరిగింది. "ముందు నువ్వు ఈ పిల్లని కొట్టావా, ముందు నిన్ను కరిచారా?"

దుంగ ఛాతీ విరుచుకున్నాడు. "కరిపించుకుని కొట్టడానికి నేనేమన్నా చవటనా? ముందు నేనే గుద్దా! ఒక్క గుద్దుకి పన్నుముక్క ఎగిరి గేటుకి తగిలింది. తర్వాతేగా దీని జుట్టు పట్టి ఈడ్చింది, ఆ తర్వాతేగా నన్ను..."

తన చేతి గాటు వైపు చూసుకున్నాడు.

"మరి విరిగిన పన్నుతో కరిస్తే ఈ గాటులో సందు ఉండాలి. ఏదీ?"

మేనేజరు దుంగ చెంప పగలగొట్టాడు.

"ఉన్నదున్నట్టు చెప్పినా కొడతారేంటి సార్!"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు డాక్టరమ్మ కోటు గల్లా పట్టుకున్నాడు. "మరి ఎవరివి? చెప్పు! నీ పళ్లు కూడా ఊడగొట్టగలను."

"ఆరేళ్లుగా ఇక్కడ ప్రతి నోరూ చూస్తున్నా," అందామె. "ఇలాంటి పళ్లు ఈ వీధిలో ఏ నోట్లోనూ మొలవలేదు. కావాలంటే అందరి పలకలూ మీరే పెట్టి చూసుకోండి."

మేనేజరు ఒక్కొక్క పలకా గాటు పక్కన పెట్టి చూశాడు. చివరి పలక నేలకేసి కొట్టాడు.

"ఇంకెవరు మిగిలారు?"

"అవ్వ," అన్నాడు దుంగ.

మేనేజరు రెండు అంగల్లో గుమ్మం దగ్గరికి వచ్చి, పట్కారుతో ఆమె దవడ నొక్కాడు. ఉప్పు డబ్బా గట్టిగా పట్టుకుని అవ్వ నోరు తెరిచింది. ఒట్టి చిగుళ్లు.

దుంగ విరగబడి నవ్వాడు. "నువ్వు కరిస్తే గిలిగింతలు పెట్టినట్టుంటుందే ముసలీ!"

"అంతే నాయనా. మెత్తగా పిసికి పెడితే మింగేదాన్ని."

"ఆ చెయ్యి ఉప్పునీళ్లతో కడుక్కో, లేకపోతే చీము పడుతుంది," అంది డాక్టరమ్మ. అవ్వ డబ్బాలోంచి చిటికెడు కాదు, గుప్పెడు తీసి వాడి చెంబులో వేసింది.

"మండుతుంది. ఓర్చుకో."

దుంగ కేక వీధి చివరిదాకా వినబడింది.

"బయటి సంఘంవాళ్ల పని," అని తేల్చేశాడు మేనేజరు. డాక్టరమ్మ అందరికీ తలా ఒక బ్రష్ పంచింది. అవ్వ చేతిలోనూ ఒకటి పెట్టింది.

"పళ్లు లేనిదానికి బ్రషెందుకు?"

"చిగుళ్లు కూడా తోముకోవాలి సార్. ఈ వయసులో మరీ ముఖ్యం."

జీపు వెళ్లిపోయింది. కోడలు తలుపు గడియ పెట్టింది. అవ్వ కొంగు తడిపి ఆమె పెదవి మీద ఎండిన నెత్తురు తుడిచింది.

"రేపు మళ్లీ గేటు దగ్గరికి పోతావా?"

"పోతానత్తయ్యా. తాళం ఇంకా తీయలేదుగా."

"అయితే నేనూ వస్తా."

అవ్వ డబ్బాలోని ఉప్పంతా పళ్లెంలోకి కుమ్మరించింది.

డాక్టరమ్మ చేసిచ్చిన తన పళ్లసెట్టు ఉప్పులోంచి తీసి, కొత్త బ్రష్‌తో నెత్తురు తోమింది.