ఎనిమిది మంచాల ఫోటో

"ఈ ఫోటోలో మూడు మంచాలే ఉన్నాయి. మిగతా అయిదూ ఏవి? కోతలు కోయకమ్మా!" అని ఫోన్లో కసిరాడు కుట్టుమిల్లు యజమాని.

హాస్టల్ వార్డెనమ్మకు ఒళ్ళు మండిపోయింది. మిల్లు అమ్మాయిలు ఎనిమిదిమందికి ఒకటే గది. మంచానికీ మంచానికీ మధ్య జానెడు సందు. ఒకతి లేస్తే తప్ప ఇంకొకతి దిగలేదు. గుమ్మంలో నిలబడి తీసినా, కిటికీ ఎక్కి తీసినా ఆమె ఫోనులో మూడు మంచాలకు మించి పట్టడం లేదు. పక్కగదిలో మాత్రం యజమానిగారి పాత అట్టపెట్టెలు దర్జాగా కాళ్ళు చాపుకున్నాయి. దాని తాళం ఇప్పిస్తే నలుగురు అటు వెళతారు, లోపలి మూలలో ఉబ్బసంతో వేగే పొట్టిదానికి కాస్త గాలి ఆడుతుంది. ఆయన ఏనాడూ వచ్చి చూసిన పాపాన పోలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

"ఎనిమిదీ ఒక్క ఫోటోలో చూపించు. అప్పుడు ఆలోచిస్తా," అని పెట్టేశాడు.

వార్డెనమ్మ ఉన్నపళంగా స్టూడియోకు వెళ్ళి ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకొచ్చింది. అతను గుమ్మంలోనే ట్రంకుపెట్టె తట్టుకుని బోర్లా పడబోయాడు.

"ఇదేం గదమ్మా! అగ్గిపెట్టె నయం."

"ఆ సంగతి మా యజమానికి తెలియాలనే నిన్ను పిలిచాను. ఎనిమిది మంచాలూ పడాలి నాయనా."

"దానికేం భాగ్యం!" అతను సంచిలోంచి గుడ్లు మిటకరించినట్టున్న లెన్సు ఒకటి తీశాడు. "నాలుగు గోడలూ ఒక్క గుటకలో మింగుతుంది. అగ్గిపెట్టెల్లాంటి ఫ్లాట్లు అమ్మేవాళ్ళకు ఇదంటే ప్రాణం."

"పెట్టెలు, బట్టలు అడ్డం లేకుండా తీసెయ్యండే," అని వార్డెనమ్మ హడావిడి పెట్టింది. "మీరూ బయటికి నడవండి. మంచాలు లెక్కకు తేలాలి!"

అమ్మాయిలు దుప్పట్లు ముడతల్లేకుండా లాగి, పెట్టెలు నెత్తిన పెట్టుకుని వరండాలో నిలబడ్డారు. ఫోటోగ్రాఫరు మూలకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

వార్డెనమ్మ కెమెరా తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. ఒకటి కాదు, రెండు కాదు, ఎనిమిదీ ఉన్నాయి! ఆనందంతో ఆమెకు కళ్ళు చెమర్చాయి.

"ఇక ఎలా తప్పించుకుంటాడో చూస్తాను," అని ఫోటో తన ఫోనులోకి వేయించుకుని అక్కడికక్కడే యజమానికి పంపించింది.

"వార్డెనమ్మా, నేను కిటికీ పక్కన పడుకోవచ్చా?" అంది పొట్టిది ఆయాసపడుతూ.

"నీకే ఇస్తానే, పిచ్చిదానా."

మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది. అమ్మాయిలంతా మూగారు. వార్డెనమ్మ పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఎనిమిదీ ఉన్నాయి, ఒప్పుకున్నాను. మైదానమంత గది పెట్టుకుని ఇరుకంటావేంటమ్మా? సాయంత్రం ఇంకో నాలుగు మంచాలు పంపిస్తున్నాను, వేయించు."